అడ్డం పెడితేనే చూస్తారా? పాపప్‌ల వాదనకు ఖండన

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో ఒక వాదన బాగా తిరుగుతోంది. ముఖ్యమైన విషయం ఏదైనా స్క్రీన్ మధ్యలో డైలాగ్ బాక్స్ (పాపప్) పెట్టే చెప్పాలని, ఓకే నొక్కేదాకా యూజర్‌ను కదలనివ్వకూడదని, మూలన వచ్చిపోయే సందేశాలను (టోస్ట్‌లను) ఎవరూ చూడరని దాని సారాంశం. దీనికి మద్దతుగా ఐదు కారణాలు చెబుతారు. వినగానే సబబుగానే అనిపిస్తాయి. అందుకే కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు వీటిని నియమాలుగా పట్టుకుంటున్నారు. ఈ ఐదింటిలో నాలుగు తప్పు, ఒక్కదానిలో మాత్రం సగం నిజం ఉంది.

"దారి ఆపితేనే చదువుతారు."

మొదటిసారి చదువుతారు. అదే ఆకారం, అదే రంగు, అదే చోట ఓకే బటన్ ఉన్న పెట్టె మళ్లీ మళ్లీ వస్తే కన్ను అక్షరాల మీద నిలవదు. 2015లో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ హెచ్చరికలు చూస్తున్నవారి మెదళ్లను ఎఫ్‌ఎంఆర్‌ఐ (మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపే స్కాన్)తో పరిశీలించారు. ఒకే హెచ్చరిక రెండోసారి కనిపించేసరికే దృశ్యాన్ని గ్రహించే భాగాల్లో చురుకుదనం బాగా పడిపోయింది. ప్రాణాల మీదికి వచ్చే చోటా ఇదే పరిస్థితి. ఆసుపత్రుల్లో డాక్టర్లు మందులు రాసేటప్పుడు కంప్యూటర్ చూపే భద్రతా హెచ్చరికలపై 2006లో వెలువడిన ఒక సమీక్షలో, ఆ హెచ్చరికల్లో 49 నుంచి 96 శాతం దాకా డాక్టర్లు దాటేసి ముందుకు వెళ్తున్నట్టు తేలింది. ఎంతో చదువుకున్నవారు, రోగి ప్రాణం తమ చేతిలో ఉన్నవారు అలా దాటేస్తున్నప్పుడు, ఫైల్ సేవ్ అయిందని చెప్పే పెట్టెను ఎవరు చదువుతారు?

యూజర్ చూపు అప్పటికే ఎక్కడుందో అక్కడే విషయం చెప్పాలి. సేవ్ అయిందా లేదా అన్నది ఫైల్ పేరు పక్కన కనిపించాలి. ఫోన్ నంబర్‌లో ఒక అంకె తగ్గితే ఆ మాట ఆ గడి కిందే రావాలి. ఇంటర్నెట్ పోతే పైన ఒక సన్నని పట్టీ వచ్చి, కనెక్షన్ తిరిగి వచ్చేదాకా ఉండి, తనంతట తానే పోవాలి. ఆ స్థితి ఉన్నంతసేపూ సందేశం ఉండాలి, స్థితి మారగానే సందేశం కూడా మారాలి. పాపప్‌కు ఈ గుణం లేదు. ఓకే నొక్కగానే అది పోతుంది, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

"ఓకే నొక్కారంటే విషయం చేరినట్టే, మన దగ్గర రుజువు ఉన్నట్టే."

బటన్ నొక్కుడు పడింది అన్నదానికి మాత్రమే అది రుజువు. ఒకరు వేగంగా టైప్ చేస్తున్నారనుకుందాం. డైలాగ్ తెరుచుకోగానే కీబోర్డ్ ఫోకస్ (నొక్కిన కీ చేరే చోటు) దాని ఓకే బటన్ మీదికి పోతుంది. టైపింగ్‌లో తర్వాతి కీ స్పేస్ గానీ ఎంటర్ గానీ అయితే పెట్టె కనిపించీ కనిపించకముందే మూసుకుపోతుంది. మీ లాగ్‌లో 'అంగీకరించారు' అని నమోదవుతుంది, మనిషికి మాత్రం ఏదో మెరిసిందని తప్ప ఏమీ తెలియదు. ఈ ఫోకస్ దొంగతనాన్ని ఆపడానికే విండోస్, వెనక ఉన్న ప్రోగ్రామ్ తనంతట తాను ముందుకు దూకకుండా కట్టడి పెట్టింది. అలా దూకబోతే టాస్క్‌బార్‌లో దాని బటన్ మెరుస్తుంది, అంతే.

పాపప్ తప్పకుండా కనిపిస్తుందన్న నమ్మకమూ నిలవదు. ఒక పేజీ వరసగా అలర్ట్‌లు (ఓకే ఒక్కటే ఉండే డైలాగ్‌లు) చూపిస్తే, ఇకపై ఈ పేజీ నుంచి డైలాగ్‌లు వద్దు అని చెప్పే అవకాశాన్ని బ్రౌజర్లు యూజర్‌కు ఇస్తాయి. యూజర్ దాన్ని ఎంచుకుంటే మీ అలర్ట్ ఏమీ చూపకుండానే తిరిగి వచ్చేస్తుంది, కన్‌ఫర్మ్ (అవునా కాదా అని అడిగే డైలాగ్) ఎవరినీ అడగకుండానే 'ఫాల్స్', అంటే కాదు అన్న జవాబు ఇస్తుంది. అప్పుడు డిలీట్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఏమీ జరగదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. విండోస్ సర్వీసుల్లో, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రామ్‌లలో, ఇది ఇంకా ప్రమాదం. విస్టా నుంచి సర్వీసులు యూజర్ డెస్క్‌టాప్‌కు వేరుగా, సెషన్ 0 అనే విడి చోట నడుస్తాయి. అందులోంచి మామూలు మెసేజ్ బాక్స్ తెరిస్తే అది ఏ మనిషికీ కనిపించదు. ఎవరూ నొక్కలేని ఓకే కోసం ఆ సర్వీసు పని ఎదురుచూస్తూనే ఉంటుంది, రాత్రి నడవాల్సిన పని తెల్లారినా పూర్తికాదు.

రుజువు నిజంగా కావాలంటే సందేశాలకు చరిత్ర ఉంచండి. సమయం, తీవ్రత, సందేశం, ఏ రికార్డుకు సంబంధించినది, ఎర్రర్ కోడ్, చదివారా లేదా అన్న ఆరు కాలమ్‌ల టేబుల్ చాలు. నోటిఫికేషన్ల గంట బొమ్మ నొక్కితే ఆ టేబుల్ తెరుచుకోవాలి. సాయం కోరుతూ వచ్చేవారిలో చాలామంది 'ఏదో ఎర్రర్ వచ్చింది, నొక్కేశాను' అనే చెబుతారు. చరిత్ర ఉంటే ఆ ఎర్రర్‌ను కాపీ చేసి పంపగలరు. చట్టపరమైన అంగీకారమైతే దానికి పనిలో భాగంగా వచ్చే పేజీ, ప్రత్యేకమైన చెక్‌బాక్స్ ఉండాలి.

"డిలీట్‌కు ముందు 'ఖచ్చితమేనా?' అని అడక్కపోతే డేటా పోతుంది."

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇది. తప్పు జరిగిందని మనిషికి తెలిసేది సాధారణంగా నొక్కిన మరుక్షణంలో. ప్రశ్న వచ్చేదేమో నొక్కకముందు, తాను చేస్తున్నది సరైనదేనని గట్టిగా అనుకుంటున్నప్పుడు. తప్పు రికార్డును ఎంచుకున్నవారు కూడా అవుననే చెబుతారు. కాబట్టి ప్రశ్న అడగడం కన్నా, చేసినదాన్ని వెనక్కి తిప్పే వీలు కల్పించడమే డేటాను కాపాడుతుంది.

ఇందుకోసం రికార్డును తీసేయకుండా 'తొలగించిన సమయం' అనే కాలమ్ పెట్టి, డిలీట్ నొక్కగానే అందులో సమయం రాయండి. జాబితాలు చూపే ప్రతి క్వెరీ ఆ కాలమ్ ఖాళీగా ఉన్నవాటినే తేవాలి. క్వెరీల్లో ఒక్కదాన్ని మరిచినా తొలగించినవి అక్కడ తేలతాయి కనుక, ఈ షరతు ఉన్న ఒక వ్యూ (టేబుల్‌లా వాడుకునే దాచిపెట్టిన క్వెరీ) తయారుచేసి అన్నిచోట్లా దాన్నే వాడటం మేలు. స్క్రీన్ కింద '3 ఫైళ్లు తొలగించాం' అన్న పట్టీ, పక్కనే 'వెనక్కి తెచ్చుకో' బటన్ ఉంచండి. పట్టీ పోయాక కూడా చెత్తబుట్టలో 30 రోజులు ఉంచి, ఆ తర్వాతే ఒక షెడ్యూల్ జాబ్‌తో శాశ్వతంగా తీసేయండి. వ్యక్తిగత వివరాలు పూర్తిగా చెరిపేయమని యూజర్ కోరితే దానికి వేరే దారి ఉండాలి, ఈ 30 రోజుల ఎదురుచూపు దానికి వర్తించకూడదు.

దెబ్బతినే చోట్లు మూడున్నాయి. మొదటిది యూనిక్ ఇండెక్స్, అంటే ఒకే విలువ రెండుసార్లు రాకుండా డేటాబేస్ పెట్టే కట్టడి. తొలగించిన ఖాతా ఈమెయిల్ ఇంకా టేబుల్‌లోనే ఉంది కాబట్టి అదే ఈమెయిల్‌తో కొత్త ఖాతా తెరవబోతే ఎర్రర్ వస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే తొలగించిన సమయం ఖాళీగా ఉన్న వరసలకే వర్తించే పాక్షిక ఇండెక్స్ పెడితే సరిపోతుంది. రెండోది అనుబంధ రికార్డులు. ఒక ఫోల్డర్‌తోపాటు అందులోని ఫైళ్లన్నీ పోయినప్పుడు, వెనక్కి తెచ్చేటప్పుడు ఆ ఫైళ్లు మాత్రమే రావాలి, అంతకుముందే విడిగా తొలగించినవి రాకూడదు. అందుకు ప్రతి డిలీట్ చర్యకూ ఒక బ్యాచ్ ఐడీ ఇచ్చి, 'వెనక్కి తెచ్చుకో' ఆ ఐడీ మీదే పనిచేసేలా రాయాలి. మూడోదే చాలామంది చేసే పొరపాటు: సర్వర్‌కు ఏమీ పంపకుండా బ్రౌజర్‌లో టైమర్ పెట్టి, 10 సెకన్లు గడిచాక డిలీట్ పంపడం. ఈలోగా ట్యాబ్ మూసేస్తే ఆ రిక్వెస్ట్ పోనే పోదు, తొలగించామనుకున్నది అలాగే ఉంటుంది. మార్పు వెంటనే సర్వర్‌లో జరగాలి, వెనక్కి తేవడం ఇంకో రిక్వెస్ట్ కావాలి. పంపాక వెనక్కి రాని ఈమెయిల్ లాంటివాటికి కొంత ఆలస్యం తప్పదు. జీమెయిల్ అందుకే 5, 10, 20, 30 సెకన్లలో ఒకటి ఎంచుకోమంటుంది. మీరూ అలాంటిది కడితే ఆ ఆలస్యం సర్వర్ క్యూలోనే ఉండాలి.

ఎంత చేసినా వెనక్కి తిప్పలేని పనులు కొన్ని మిగులుతాయి. అక్కడ డైలాగ్ పెట్టడమే సరైనది, కానీ అది నిజంగా ఆలోచింపజేయాలి. గిట్‌హబ్‌లో రిపాజిటరీ తొలగించాలంటే దాని పేరు టైప్ చేయాలి. బటన్‌ల మీద అవును, కాదు అని కాకుండా 'శాశ్వతంగా తొలగించు', 'ఉంచు' అని రాసి, ఫోకస్‌ను 'ఉంచు' మీద పెట్టండి. సేవ్ చేయని పనితో విండో మూసేటప్పుడు మాత్రం ప్రశ్న అక్కర్లేదు. కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ సేవ్ చేయని మార్పులను తనే దాచి, మళ్లీ తెరిచినప్పుడు అలాగే చూపిస్తుంది.

"టోస్ట్‌లు కనిపించవు, చూపులేనివారికైతే అసలే తెలియవు."

సగం నిజం ఇక్కడుంది. ఆండ్రాయిడ్ టోస్ట్ 2 సెకన్లో, 3.5 సెకన్లో ఉండి పోతుంది. ఆ సమయంలో పక్కకు చూసినవారికి అది రానట్టే. దీన్నిబట్టి ఎర్రర్‌లను టోస్ట్‌లో పెట్టకూడదని తేలుతుంది గానీ, అన్నీ పాపప్‌లో పెట్టాలని తేలదు. ఎర్రర్ పరిష్కారమయ్యేదాకా, లేదా యూజర్ మూసేదాకా ఉండాలి. తనంతట తాను పోయేది విజయ సందేశం ఒక్కటే. అది కూడా ఫలితం స్క్రీన్ మీద కనిపిస్తుంటే అవసరం లేదు. పోయే సందేశం మీద మౌస్ గానీ ఫోకస్ గానీ ఉన్నంతసేపు టైమర్ ఆగాలి. ఎక్కువ సమయం కావాలని యూజర్ ఫోన్‌లో పెట్టుకున్న సెట్టింగ్‌ను ఆండ్రాయిడ్ 10 నుంచి యాక్సెసిబిలిటీ మేనేజర్ ద్వారా తెలుసుకోవచ్చు. తెరను బాగా పెద్దది చేసుకుని చూసేవారికి కింది మూల కనిపించదు కాబట్టి, సందేశం వారు నొక్కిన బటన్‌కు దగ్గర్లో ఉండటం మంచిది.

తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల సంగతి మరీ తలకిందులుగా చెబుతున్నారు. 2018లో వచ్చిన, వెబ్‌ను అందరూ వాడగలిగేలా చేసే ప్రమాణాలైన డబ్ల్యూసీఏజీ 2.1లోని 4.1.3 నియమం, స్థితి సందేశాలు ఫోకస్ లాక్కోకుండానే స్క్రీన్ రీడర్‌కు చేరాలని అడుగుతుంది. అందుకు మామూలు సందేశాలున్న గడికి రోల్ (ఆ గడి ఏమిటో చెప్పే గుర్తు) 'స్టేటస్', అత్యవసరమైనవాటికి రోల్ 'అలర్ట్' ఉన్నాయి. పని చేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో తరచూ కనిపించే కారణం ఒకటే: ఆ రోల్ ఉన్న గడిని, అందులోని వాక్యాన్ని ఒకేసారి పేజీలోకి చేర్చడం. ఖాళీ గడి పేజీ లోడ్ అయినప్పటి నుంచే ఉండాలి, తర్వాత అందులో వాక్యం పడాలి. ఒకే వాక్యం రెండోసారి పెడితే మార్పు లేదనుకుని చదవకపోవచ్చు కనుక ముందు ఖాళీ చేసి, కొద్ది క్షణాల తర్వాత పెట్టండి. అన్నింటికీ 'అలర్ట్' రోల్ పెడితే వింటున్న వాక్యం మధ్యలో తెగిపోతుంది. పాపప్‌తో వచ్చే చికాకే మళ్లీ చెవికి వస్తుంది. ఫారంలో తప్పు గడికి ఆరియా-ఇన్‌వాలిడ్ (ఇక్కడ తప్పుందని స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తు) పెట్టి, ఆరియా-డిస్క్రైబ్డ్‌బై ద్వారా ఎర్రర్ వాక్యాన్ని దానికి ముడివేయండి.

"పాపప్ ఒక్క లైన్‌లో అయిపోతుంది, మిగతాది పెద్ద పని."

ఆ ఒక్క లైన్ ఖరీదు తర్వాత తెలుస్తుంది. అలర్ట్ తెరిచి ఉన్నంతసేపు ఆ పేజీలో జావాస్క్రిప్ట్ ఆగిపోతుంది. టైమర్లు కదలవు, వెబ్‌సాకెట్‌లో (సర్వర్‌తో తెరిచి ఉంచే కనెక్షన్‌లో) వచ్చినవి పోగుపడతాయి, మీ కోడ్ పంపాల్సిన హార్ట్‌బీట్ (ఇంకా ఉన్నానని చెప్పే సంకేతం) పోదు, చివరికి సర్వర్ కనెక్షన్ తెంచేస్తుంది. ఆటోమేటిక్ పరీక్షలూ అక్కడే చిక్కుకుంటాయి.

దీనికి బదులు తీవ్రత, సందేశం, కీ, చర్య అన్న నాలుగు విలువలు తీసుకునే ఒకే ఫంక్షన్ రాసి, అన్నిచోట్లా దాన్నే పిలవండి. పిలవడానికి అప్పుడూ ఒక్క లైనే. తీవ్రతను బట్టి ఎక్కడ చూపాలో ఆ ఫంక్షనే తేలుస్తుంది. కీ ఎందుకంటే, నెట్‌వర్క్ తెగినప్పుడు ఒకేసారి పదుల రిక్వెస్టులు విఫలమవుతాయి. కీ లేకపోతే పదుల పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకే కీతో వచ్చినవన్నీ ఒకే పట్టీలో కలిసి, పక్కన సంఖ్య పెరగాలి.

నోటిఫికేషన్ల అనుమతినీ యాప్ తెరవగానే పాపప్‌తో అడిగేయాలనేవారున్నారు. 2020 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 72, యూజర్ ఏదైనా నొక్కితే తప్ప ఆ ప్రశ్న చూపడం మానేసింది. మరుసటి నెలలో క్రోమ్ 80 నిశ్శబ్దంగా అడిగే పద్ధతి తెచ్చింది. ఆండ్రాయిడ్ 13లో రెండుసార్లు వద్దన్నవారికి ఆ ప్రశ్న మళ్లీ కనిపించదు. 'ఆర్డర్ కదిలినప్పుడు నాకు చెప్పు' లాంటి బటన్‌ను యూజరే నొక్కినప్పుడు అడగండి.

ఇప్పటికే పాపప్‌లతో నిండిన ప్రోగ్రామ్ మీ చేతిలో ఉంటే కోడ్‌లో అలర్ట్, కన్‌ఫర్మ్, మెసేజ్ బాక్స్ పిలుపులన్నీ వెతికి జాబితా చేయండి. ఓకే ఒక్కటే ఉన్నవాటిని ముందు మార్చండి, వాటిలో యూజర్ తేల్చాల్సిందేమీ లేదు. తర్వాత అవును, కాదు ఉన్నవాటిలో వెనక్కి తిప్పగలిగేవన్నీ 'వెనక్కి తెచ్చుకో' పద్ధతికి మార్చండి. జవాబు లేకుండా ప్రోగ్రామ్ నిజంగా ముందుకు కదలలేనివే చివరికి మిగులుతాయి. సెషన్ గడువు అలాంటిదే. డబ్ల్యూసీఏజీ 2.2.1 ప్రకారం గడువు ముగిసేముందు హెచ్చరించి, ఒక్క కీ నొక్కుడు లాంటి తేలికైన చర్యతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి.