మెయిన్ డాట్ సీఎఫ్ చూసి "అంతా కరెక్టే" అనే వాళ్లకు

మెయిల్ సర్వర్ మొరాయించిందని నాకు ఫోన్ చేసేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు. "అన్నా, మెయిన్ డాట్ సీఎఫ్ మొత్తం చూశాను, అంతా కరెక్ట్‌గానే ఉంది." పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సెట్టింగులు ఉండే ఫైల్ అది. వెంటనే ఆ ఫైల్ మొత్తం కామెంట్లతో (సర్వర్ పట్టించుకోని నోట్స్‌తో) సహా నాకు పంపిస్తారు. వందల లైన్లు. నేను అడిగేది ఒకటే: "పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ కొట్టావా?" అవతల సౌండ్ ఉండదు.

ఇది పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్ల గొడవ. వీట్సే వెనెమా ఐబీఎం రీసెర్చ్‌లో ఉన్నప్పుడు రాయగా 1998లో బయటికొచ్చిన సర్వర్ అది. సర్వర్ ఇన్‌స్టాల్ చేస్తే పోస్ట్‌కాన్ఫ్ కమాండ్ కూడా దాంతోపాటే వస్తుంది, సెట్టింగుల్ని సర్వర్ ఎలా చదువుతుందో అది చూపిస్తుంది. అయినా జనం ఎడిటర్ తెరిచి ఫైల్‌నే కళ్లతో జల్లెడ పడతారు. మనం ఫైల్ చదివే పద్ధతి వేరు, పోస్ట్‌ఫిక్స్ చదివే పద్ధతి వేరు. నా కోపమంతా అక్కడే.

నేనేదో మొదటినుంచీ తెలివైనవాణ్ణని కాదు. ఒక ఆఫీసు వాళ్లు తమ డొమైన్‌లలో ఒకదాని మెయిల్‌ను వేరే సర్వీసుకు మార్చుకున్నారు. పాత సర్వర్ మిగతా పనులకు నడుస్తూనే ఉంది. మార్చిన రెండో రోజు నుంచి వింత మొదలైంది. బయటివాళ్లు ఆ డొమైన్‌కు పంపే మెయిల్స్ చక్కగా చేరుతున్నాయి. ఈ సర్వర్ నుంచి పంపేవి మాత్రం చేరట్లేదు. కొత్తగా చేరిన ఉద్యోగులకు పంపితే 550 కోడ్‌తో "యూజర్ అన్‌నోన్ ఇన్ లోకల్ రెసిపియెంట్ టేబుల్" అని తిరిగొస్తోంది. పాత ఉద్యోగులకు పంపితే తిరిగి రాదు, చేరదు, మాయమైపోతుంది.

నేను ఫైల్ తెరిచాను. మైడెస్టినేషన్ లైన్‌లో, అంటే సర్వర్ తన సొంతమనుకునే డొమైన్ల జాబితాలో, $మైహోస్ట్‌నేమ్, లోకల్‌హోస్ట్ (రెండూ ఆ మెషిన్ పేర్లే) ఉన్నాయి. ఆ పక్కనే ఒక హ్యాష్ గుర్తు, "రిమూవ్డ్" అన్న మాట, తీసేసిన డొమైన్ పేరు. ఎవరో శ్రద్ధగా నోట్ రాసిపెట్టారు. నా ఎడిటర్ కూడా దాన్ని కామెంట్ రంగులోనే చూపించింది. బాగానే ఉందనుకుని డీఎన్ఎస్ (ఏ డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే వ్యవస్థ) మీద పడ్డాను. సగం రోజు పోయింది.

మెయిన్ డాట్ సీఎఫ్‌లో హ్యాష్ గుర్తు లైన్ మొదట్లో ఉంటేనే కామెంట్. లైన్ మధ్యలో వస్తే అది కూడా విలువలో భాగమే. అంటే ఆ సర్వర్ లెక్కలో హ్యాష్ గుర్తు ఒక డొమైన్, "రిమూవ్డ్" ఒక డొమైన్, తీసేశామనుకున్న పాత డొమైన్ కూడా ఇంకా సొంత డొమైనే! అందుకే ఆ మెయిల్స్‌ని బయటికి పంపకుండా తన దగ్గరే అకౌంట్లు వెతికింది. పాత ఉద్యోగుల అకౌంట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి వాళ్ల మెయిల్స్ ఎవరూ తెరవని పాత మెయిల్‌బాక్సుల్లో పడుతూ వచ్చాయి. చివరికి "పోస్ట్‌కాన్ఫ్ మైడెస్టినేషన్" కొడితే బండారం బయటపడింది. రంగులు లేవు, ఒకటే లైన్, విలువ మధ్యలో ఆ హ్యాష్, దాని వెనక ఆ డొమైన్. పట్టింది ఒక్క సెకను.

అప్పటినుంచి నేను ఫైల్‌ని నమ్మను. ఒకే సెట్టింగ్ రెండుచోట్ల ఉంటే కింద ఉన్నదే చెల్లుతుంది. మీరు పైన రిలేహోస్ట్ (మన మెయిల్‌ను ముందుకు పంపే వేరే సర్వర్ పేరు) మార్చుకుని మురిసిపోతుంటారు, ఎప్పుడో ఏదో స్క్రిప్ట్ అట్టడుగున రాసిపెట్టిన ఖాళీ రిలేహోస్ట్ మీ కష్టాన్ని మింగేస్తుంది. పోస్ట్‌కాన్ఫ్ చెల్లే విలువే చూపిస్తుంది, పైగా ఫలానా లైన్ అంతకుముందు ఎంట్రీని తొక్కేస్తోందని వార్నింగ్ కూడా ఇస్తుంది. మైనెట్‌వర్క్స్ (సర్వర్ నమ్మే నెట్‌వర్క్‌ల జాబితా) అని రాయాల్సింది చివరి ఎస్ మరిచిపోతే? మెయిల్ పంపే ప్రాసెస్‌లు నోరు మెదపవు, ఎందుకంటే మనం సొంత పేర్లు పెట్టుకోవడం కూడా ఆ ఫైల్‌లో తప్పు కాదు. పోస్ట్‌కాన్ఫ్ మాత్రం "అన్‌యూజ్డ్ పారామీటర్" అని చెబుతుంది. ఈ వార్నింగులు స్టాండర్డ్ ఎర్రర్‌లోకి, అంటే మామూలు ఫలితానికి వేరుగా, వస్తాయి. చిందరవందరగా ఉందని దాన్ని డెవ్ నల్‌లోకి (వేసిందల్లా మాయమయ్యే చోటికి) తోసేసేవాళ్లతో నేను మాట్లాడను.

ఇంకో తరచు గొడవ, అటాచ్‌మెంట్ సైజు. "లిమిట్ 10 ఎంబీ, నా ఫైల్ 8 ఎంబీయే, ఎందుకు పోదు?" పోస్ట్‌కాన్ఫ్ -డీ మెసేజ్_సైజ్_లిమిట్ అని కొట్టండి, 10240000 అని వస్తుంది. -డీ అంటే మీ ఫైల్‌తో సంబంధం లేని డిఫాల్ట్ విలువ. అవి బైట్లు, మొత్తం మెయిల్‌కి కలిపి. అటాచ్‌మెంట్ బేస్64లోకి (మెయిల్‌లో పోవడానికి వీలైన అక్షరాల రూపంలోకి) మారేసరికి మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది, 8 ఎంబీ ఫైల్ అక్కడే గీత దాటుతుంది.

పోస్ట్‌కాన్ఫ్ -ఎన్ చూసి కూడా మోసపోవచ్చు, అది చెప్పకపోతే తప్పవుతుంది. -ఎన్ చూపించేది మెయిన్ డాట్ సీఎఫ్‌లో మీరు పెట్టినవే. మాస్టర్ డాట్ సీఎఫ్‌లో (పోస్ట్‌ఫిక్స్ నడిపే సర్వీసుల జాబితా ఉండే ఫైల్‌లో) ఒక్కో సర్వీసుకు -ఓ పెట్టి రాసినవి అందులో కనబడవు, వాటికి -పీ (పెద్దక్షరం) కావాలి. ఒకసారి పాత స్కానర్ ఒకటి 587 పోర్టుకు మెయిల్ పంపలేక 530 కోడ్‌తో ఆగిపోయింది, ముందు స్టార్ట్‌టీఎల్ఎస్ (కనెక్షన్‌ని టీఎల్ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ చేద్దామనే కమాండ్) చెప్పమని సర్వర్ అడుగుతోంది. మెయిన్ డాట్ సీఎఫ్‌లో టీఎల్ఎస్ లెవెల్ "మే" అనే ఉంది, అంటే ఉంటే మంచిది, తప్పనిసరేమీ కాదు. -పీ కొడితే సబ్‌మిషన్ సర్వీసు (ఆ 587 పోర్టుదే) కింద అదే సెట్టింగ్ "ఎన్‌క్రిప్ట్" అని తేలింది. సర్వర్ చేసింది సబబే, స్కానర్‌ది పాత కాలం.

అలాగే పోస్ట్‌కాన్ఫ్ చదివేది డిస్క్ మీద ఉన్న ఫైళ్లని, నడుస్తున్న ప్రాసెస్‌ని కాదు. మీరు మార్చి రీలోడ్ (సర్వర్‌తో ఫైల్ మళ్లీ చదివించడం) మరిచిపోయినా కొత్త విలువే చూపిస్తుంది. ఐనెట్_ఇంటర్‌ఫేసెస్ (సర్వర్ ఏ నెట్‌వర్క్ అడ్రస్‌ల మీద మెయిల్ తీసుకోవాలో చెప్పే సెట్టింగ్) మారిస్తే రీలోడ్ కూడా చాలదు, ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలి. వర్చువల్ ఏలియాస్ టేబుల్ (ఏ అడ్రస్ మెయిల్ ఏ అడ్రస్‌కి మళ్లించాలో చెప్పే పట్టిక) లోపల ఏముందో కూడా చెప్పదు, టేబుల్ ఎక్కడుందో మాత్రమే చెబుతుంది. లోపలి సంగతికి పోస్ట్‌మ్యాప్ -క్యూ ఉంది.

వేరే సర్వర్ వాడేవాళ్లు తప్పించుకోలేరు. డవ్‌కాట్‌కి డవ్‌కాన్ఫ్ -ఎన్, ఎగ్జిమ్‌కి ఎగ్జిమ్ -బీపీ ఉన్నాయి. పోస్ట్‌ఫిక్స్ డాక్యుమెంటేషన్ అయితే సాయం అడిగేటప్పుడు -ఎన్ ఫలితం ఇవ్వమని, మెయిన్ డాట్ సీఎఫ్ ఫైల్ పంపొద్దని సూటిగానే రాసిపెట్టింది. అది చదివే ఓపిక ఉంటే నాకు ఆ ఫోన్లు రావులెండి.

నిన్న మళ్లీ ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఈసారి -ఎన్ కొట్టాకే చేస్తున్నా." ప్రాణం లేచొచ్చింది. పంపమన్నాను. మానిటర్‌ని ఫోన్ కెమెరాతో ఫోటో తీసి పంపాడు, కావాల్సిన లైన్ కుడివైపు తెగిపోయింది. పొడవు లైన్లను మడిచి చూపించడానికి -ఎఫ్ కూడా ఉందిరా అని చెప్పాను.