దోషం ఎప్పుడూ బ్యాటరీదే

అమెరికాలో తెలుగువాళ్ళు ఇళ్ళు కొన్నారు, పొలాలు కొన్నారు, ఇప్పుడు చక్రాల మీద నడిచే ఇళ్ళు కూడా కొంటున్నారు. సంతోషమే. అయితే ఆ ఆర్వీలో లైటు వెలగకపోతే మాత్రం మన జాతి మొత్తం ఒక్క మాట మీద నిలబడుతుంది: "బ్యాటరీ పోయింది". ఊరికి రెండు సంఘాలుంటే మూడోది పెట్టుకునే మనలో ఇంత ఐకమత్యం నేను మరే విషయంలోనూ చూడలేదు. బ్యాటరీకి నోరు లేదు. దాని తరఫున మాట్లాడే సంఘమూ లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మా కేసు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేం ముగ్గురు తోడల్లుళ్ళం కలిసి, బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. గుడికి తీసుకెళ్ళి పూజ చేయించి, నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. ఇక సాంకేతికంగా మిగిలింది బ్యాటరీ ఒక్కటే. ముగ్గురం సాఫ్ట్‌వేరే. ఆఫీసులో ఒక సర్వరు అయిదు నిమిషాలు పడుకుంటే 'రూట్ కాజ్' అంటూ పద్నాలుగు పేజీలు రాస్తాం. ఇంట్లో మాత్రం పాత బ్యాటరీని అనుమానం మీదే తీసేసి, కొత్తది పెట్టాం.

ఇక్కడో తిరకాసు ఉంది. కార్లలో నల్ల వైరు నెగెటివ్. చాలా ట్రైలర్లలో తెల్లది నెగెటివ్, నల్లది పాజిటివ్. కారు జ్ఞానం ఉన్నవాడే ఇక్కడ తప్పు చేస్తాడు. మాకు జ్ఞానం ఉంది కనుక చేశాం. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. గబుక్కున వైర్లు మార్చేశాం. లోపల లైట్లు భేషుగ్గా వెలుగుతున్నాయి. రవ్వ సంగతి ఆడవాళ్ళకి చెప్పొద్దని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం.

ఆ లైట్లు వెలిగింది బ్యాటరీతో కాదు. గ్యారేజీ ప్లగ్గులోంచి వచ్చే 120 వోల్టుల కరెంటుతో. దాన్ని 12 వోల్టులకు దించి, లైట్లకు పంపుతూ బ్యాటరీని కూడా ఛార్జ్ చేసే పెట్టె పేరు కన్వర్టర్. అది ఉండే ప్యానెల్లోనే బ్యాటరీ వైరు వచ్చి కలిసేచోట ఓ రెండు ఫ్యూజులుంటాయి. వైర్లు తిరగేసి బిగించే మాలాంటి విద్యావంతుల కోసమే వాటిని పెట్టారు. మా రవ్వకి ఆ రెండూ ప్రాణాలిచ్చి కన్వర్టర్‌ని కాపాడాయి. మేం ఒక దండైనా వేయలేదు.

ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు బ్యాటరీ మీద వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే 13 వోల్టులు దాటాలి, మామూలుగా 13.6 దగ్గర ఉండాలి. 12.6 దగ్గరే కదలకుండా కూర్చుందంటే బ్యాటరీ మంచిదే, ఛార్జింగే దాని దాకా రావడం లేదని. నిమిషం పని. ఆ నిమిషంలో మేం పులిహోర కలుపుతున్నాం.

వెయ్యి మైళ్ళు పైన నడిపి గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ చేరాం. పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో కరెంటు ప్లగ్గుంది. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో లేదు, కానీ చవక. చెప్పేదేముంది, మాథర్‌లోనే దిగాం. దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు, ఏప్రిల్ రాత్రి, పళ్ళు టకటకలాడే చలి. స్విచ్ వేస్తే చీకటి. హీటరు నడిచేది గ్యాస్‌తోనే, కానీ దాని ఫ్యానుకి 12 వోల్టులు కావాలి. ఫ్రిజ్ కూడా గ్యాసుదే, దాని బోర్డుకీ 12 వోల్టులే. నీళ్ళ పంపుదీ అదే కథ. గ్యాస్ నిండుగా ఉంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి, తర్వాత తెలిసిందేమిటంటే బ్యాటరీ కూడా నిండుగానే ఉంది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత ముగ్గురల్లుళ్ళకి ఒకేసారి పట్టడం మా మామగారు కళ్ళారా చూశారు.

ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కోతలు బాగా అలవాటు. "పడుకోండి అల్లుడుగారూ, తెల్లారేసరికి అదే వస్తుంది" అని రగ్గు ముసుగేసుకున్నారు. ప్లగ్గు కరెంటుని ఇక్కడివాళ్ళు ఓడల భాషలో 'షోర్ పవర్' అంటారని చెబితే, "ఈ ఎడారిలో తీరం ఎక్కడుంది బాబూ" అన్నారు ముసుగులోంచే. ఆ రాత్రి వినిపించిన మాటల్లో అర్థమున్నది అదొక్కటే.

చిన్న తోడల్లుడు ఇన్వర్టర్ కాలిపోయిందన్నాడు. ఖమ్మంలో అయినా కాకినాడలో అయినా మన ఇళ్ళల్లో ఇన్వర్టరంటే బ్యాటరీని నింపేదీ అదే, వాడేదీ అదే. చాలా ఆర్వీల్లో ఆ రెండూ వేర్వేరు పెట్టెలు. నింపేది కన్వర్టర్, తాగేది ఇన్వర్టర్. 700 వాట్ల రైస్ కుక్కర్ పెడితే బ్యాటరీలోంచి 60 ఆంపులకు పైగా తాగుతుంది. మా ట్రైలర్‌లో అసలు ఇన్వర్టరే లేదు. అయినా వాడు దాన్ని రెండు గంటలు తిట్టాడు.

మర్నాడు పెద్ద తోడల్లుడుగారు తీర్పు చెప్పారు: బ్యాటరీయే. ఎనభై మైళ్ళు ఫ్లాగ్‌స్టాఫ్‌కి పోయి ఇంకో కొత్త బ్యాటరీ కొన్నాం. వారం క్రితం కొన్నదాన్ని పాతసామాను కింద ఇచ్చేస్తే 18 డాలర్లు తగ్గించారు. ఎంత తెలివిగా కొన్నామా అని దారంతా మురిసిపోయాం. తెచ్చి బిగించాం. చీకటి.

పక్క సైటులో డెబ్బై దాటిన ఓ ముసలావిడ మమ్మల్ని రెండు రోజులుగా చూస్తోంది. ఇక తట్టుకోలేక మీటరు పట్టుకుని వచ్చింది. బ్యాటరీ మీద పెట్టింది: 12.6. ట్రైలర్ ముందుభాగాన్ని పైకెత్తే కరెంటు జాక్ బటన్ నొక్కింది. అది గుర్రుమంటూ లేచింది. జాక్ వైరు నేరుగా బ్యాటరీకే ఉంటుంది. అంటే కరెంటు ఉంది, లోపలికే పోవడం లేదు. సరాసరి లోపలికెళ్ళి ప్యానెల్ మూత తీసి, నల్లగా మాడిన రెండు ఫ్యూజులు నా అరచేతిలో పెట్టి, "వైర్లు తిరగేశారా?" అంది. ముగ్గురం మూడు దిక్కులు చూశాం.

స్పేర్ ఫ్యూజులు తనే వేసింది. డబ్బులొద్దని పులిహోర తీసుకుంది. మన సంఘాలకు నా సూచన ఏమిటంటే, గృహప్రవేశాలకీ సీమంతాలకీ రిటర్న్ గిఫ్టుగా కుంకుమ భరిణెలు చాలా పంచాం, కొన్నాళ్ళు మల్టీమీటర్లు పంచి చూద్దాం. ఇరవై డాలర్ల లోపే వస్తాయి. పసుపు రంగువి కూడా దొరుకుతాయి, శుభం.

ఇంటికొచ్చాక లెక్కలు వేసుకున్నాం. ఫ్లాగ్‌స్టాఫ్ బ్యాటరీ ఖర్చు ముగ్గురికీ సమానంగా పంచి యాప్‌లో ఎక్కించాలంటే పక్కన కారణం రాయాలట. పెద్ద తోడల్లుడుగారు కాసేపు ఆలోచించి టైపు చేశారు: "పాత బ్యాటరీ పోయింది".