లైట్లకు డబ్బుంది, ఎస్‌ఎంపీఎస్‌కి లేదా?

గేమింగ్ పీసీకి కొటేషన్ అడిగితే చాలు, ముందు రంగురంగుల లైట్ల క్యాబినెట్ చూపిస్తారు. సికింద్రాబాద్‌లో ఒక షాపువాడు మా తమ్ముడికిచ్చిన కాగితం చూసి ఒళ్లు మండింది. ప్రాసెసర్ ఖరీదైన ఐ7 అట, దానికి 2019 నాటి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు! గేమ్‌లో ఫ్రేములు తెచ్చేది ముఖ్యంగా ఆ కార్డే కదయ్యా. ర్యామ్ 16 జీబీ, ఒకటే స్టిక్కు. 8 జీబీవి రెండు వేస్తే డ్యూయల్ ఛానల్‌లో, అంటే డేటాకి రెండు దారులతో వేగంగా నడిచేది. ఇక పీసీకంతా కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఉత్త "500 వాట్స్" అని రాశాడు. కంపెనీ పేరు లేదు, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ రేటింగ్ లేదు. అది పేలితే బోర్డూ కార్డూ కూడా పోవచ్చు. పిల్లాడు ఏడాదంతా కూడబెట్టుకున్న డబ్బండీ అది! పైగా బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనమట, వద్దంటే తగ్గిస్తాడట. బిల్లు లేకపోతే రేపు వారంటీకి ఎవరి కాళ్లు పట్టుకోవాలి?