సి-మిక్ గారూ, ఇక దయచేయండి

సి-మిక్ జన్యువు గారికి,

ముందు మీ ఘనత గురించి రెండు ముక్కలు చెప్పకపోతే నొచ్చుకుంటారు. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి 24 జన్యువులను వడపోస్తే చివరికి మిగిలిన నలుగురిలో మీరొకరు. ఆక్ట్4, సాక్స్2, కెఎల్ఎఫ్4, తమరు. ఎలుక తోకలోంచి తీసిన మామూలు కణానికి దాని గతమంతా మరిపించి, ఏ అవయవంగానైనా మారగల మూలకణాన్ని చేసేశారు. పిండం జోలికి వెళ్ళే పనే లేదు. 2012లో యమనాకాకు నోబెల్ కూడా వచ్చింది. ఫొటోలో మీరు లేరు. మంచిదే అయింది.

మీ పనితనం నాకు తెలుసు. డిష్‌లో చర్మకణాలు సన్నగా, పొడుగ్గా సాగి పడుకుంటాయి. రోజూ మీడియం (కణాలకు ఆహారమయ్యే ద్రవం) మారుస్తూ, మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి రెండు మూడు వారాలు ఎదురుచూడాలి. ఒక రోజు ఏదో మూల, అంచులు మెరుస్తూ, ఒకదాన్నొకటి కరుచుకున్న బుల్లి కణాల గుంపు కనిపిస్తుంది. వెయ్యి కణాల్లో ఒక్కటి అలా మారినా పండగే. మీరుంటే ఆ పండగ తొందరగా వస్తుంది, కాదనను.

కానీ మీకు ఆగడం రాదు. వచ్చిన మంత్రం ఒక్కటే: పెరుగు, విడిపో, మళ్ళీ పెరుగు. పైగా మిమ్మల్ని కణంలోకి మోసుకొచ్చిన వాహనం, రెట్రోవైరస్, గుమ్మంలో దింపి పోయే రకం కాదు. దొరికిన చోటల్లా డీఎన్‌ఏలో కుట్టేసి పోతుంది. పని అయ్యాక మీరు బుద్ధిగా నిద్రపోయినట్టు నటించారు. 2007లో చూస్తే, ఆ కణాల వంశంలో పుట్టిన ఎలుకల్లో ఐదింట ఒకదానికి కణితి. నిద్ర లేచిందెవరయ్యా అంటే మీరే! క్యాన్సర్ వాళ్ళ దగ్గర మీ ఫైలు అంతకు ముందే ఉంది. తెలిసి తెలిసి దొంగ చేతికి తాళాలిచ్చిన తెలివి మాది.

ఏరు దాటాక తెప్ప తగలేస్తే విశ్వాసం లేదంటారు. ఇక్కడ తెప్ప పూర్తిగా తగలబడిందో లేదో టెస్టు పెట్టి మరీ చూసుకోవాలి.

మిమ్మల్ని పిలవకుండా చేసి చూశాం. పని జరిగింది, కానీ వచ్చే గుంపులు మరీ తక్కువ. తర్వాత మర్యాద తెలిసిన వాహనాలు దొరికాయి. సెండాయ్ వైరస్ కేంద్రకం గడప తొక్కదు, కణాలు విడిపోతూ ఉంటే పలచబడి మాయమవుతుంది. దానితో వస్తే మిమ్మల్ని ఇప్పటికీ రానిస్తున్నాం, పోతూ పోతూ మిమ్మల్నీ వెంటబెట్టుకుపోతుంది కనుక. 2010 నాటి ఎంఆర్‌ఎన్‌ఏ పద్ధతి (జన్యువుకు బదులు దాని సందేశపు నకలు పంపడం) ఇంకా నయం. పిలిచిన పూట పని చేసి కరిగిపోతుంది, కాకపోతే రోజూ పిలవాలి. మీ ఇంటివాడే, ఎల్-మిక్ అనే జన్యువు కూడా మీ పని చేస్తున్నాడు, మీ అంత దుడుకు లేకుండా.

అన్ని పాపాలూ మీ నెత్తినే రుద్దను. మీరు లేకపోయినా, మారకుండా మిగిలిన నాలుగు మూలకణాలు ఒంట్లోకి వెళితే చాలు, వెంట్రుకలూ పళ్ళూ ఉన్న కణితి కట్టగలవు. 2014లో జపాన్‌లోని కోబెలో ఒక పెద్దావిడ కంట్లో, ఆమె చర్మకణాల నుంచే చేసిన రెటీనా పొర పెట్టారు. రెండో రోగి వంతు వచ్చేసరికి కణాల్లో మార్పులు కనిపించి ఆపేశారు. అంత టెన్షన్ మాది.

రేపు పొద్దున పదో పాసేజ్ (పదోసారి కొత్త డిష్‌లోకి మార్చిన) కణాలకు పీసీఆర్, అంటే మీ జాడ వెతికే టెస్టు, పెడుతున్నాను. ఫలితం చూపే జెల్ మీద మీ పేరు దగ్గర గీత కనబడకుండా చూసుకోండి.

ఇట్లు,
మీడియం మార్చి మార్చి బొటనవేలు వాచినవాడు