జిడ్డు వదలాలి, ఇల్లు మిగలాలి

యంత్రాన్ని విప్పడం గొప్ప కాదు. విప్పినదాన్ని కడగడంలోనే మనిషి వివేకం బయటపడుతుంది. ఏ మర ఏ దిక్కుకు తిరుగుతుందో గుర్తుపెట్టుకుని, నట్లనూ బోల్టులనూ విప్పిన వరుసలోనే కాగితం మీద పేర్చి, చిన్న స్ప్రింగు ఎగిరిపోకుండా ఊపిరి బిగబట్టి పనిచేసిన మనిషే, నల్లటి మడ్డి పట్టిన గేర్లూ చైనూ ఎదుట పడగానే ఉన్న శాస్త్రమంతా మరచి, చేతికి ఏ సీసా అందితే దాన్నే బేసినులోకి ఒంపేస్తాడు. యుద్ధాలకు వ్యూహాలున్నాయి, పన్నులకు చట్టాలున్నాయి, చదరంగానికి సైతం గ్రంథాలున్నాయి గాని, ఇంటి వెనుక గొంతుక్కూర్చుని బేరింగు కడుక్కునే మనిషికి ఒక సిద్ధాంతమంటూ లేకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్నది. ఆ లోటు తీర్చే బాధ్యతను ఎవరూ నాకు అప్పగించలేదు కనుక నేనే స్వీకరిస్తున్నాను.

ముందుగా ప్రజాభిప్రాయాన్ని గౌరవిద్దాం. ద్రావణిని, అంటే జిడ్డును కరిగించే ద్రవాన్ని, ఎంచుకోవడానికి లోకంలో మూడు పరీక్షలు చెలామణిలో ఉన్నాయి. ఒకటి ముక్కు పరీక్ష: వాసన ఎంత ఘాటుగా ఉంటే సరుకుకు అంత శక్తి. రెండవది కంటి పరీక్ష: తడి ఎంత త్వరగా ఆరితే అంత శుభ్రం. మూడవది జేబు పరీక్ష: లీటరు ఎంతకు వస్తుంది, అంతకన్నా ముఖ్యంగా, ఇప్పటికే ఇంట్లో ఉన్నదా? ఈ మూడింటిలోనూ అగ్రస్థానం పెట్రోలుదే. బండి ట్యాంకులోకి ఒక గొట్టం దింపి లాగితే చాలు, ప్రత్యేకంగా కొనవలసిన పని కూడా లేదు. లాగేటప్పుడు ఒక గుక్క గొంతులోకి పోతే దానిని నాలుగవ పరీక్షగా పరిగణించవచ్చు.

పెట్రోలు పక్షాన న్యాయంగా చెప్పవలసినదంతా చెప్పాలి. అది గ్రీజును నిజంగానే క్షణాల్లో కరిగిస్తుంది. సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరిని వదులుతుంది కాబట్టి, ఎంతటి చలిలోనూ తన కర్తవ్యాన్ని విస్మరించదు. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు; అందువల్ల పైకి పోయి వృథా కాకుండా, నేలనంటి పాకుతూ, గుమ్మం దాటి, పక్కగదిలో వెలుగుతున్న పొయ్యినో, నీళ్లు కాచే పరికరంలోని చిన్న మంటనో తానే వెదుక్కుంటూ వెళ్తుంది. గాలిలో నూటికి ఒకటిన్నర వంతు కలిస్తే చాలు, ఒక స్విచ్చు నొక్కినప్పుడు పుట్టే నిప్పురవ్వకు అది బదులిస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టిన మనిషిని లోకం అకారణంగా ఎగతాళి చేసింది; ఆయన పద్ధతిలో ఫలితం మాత్రం సంపూర్ణం. ఇల్లు లేనిచోట యంత్రం లేదు, యంత్రం లేనిచోట గ్రీజు లేదు, కాబట్టి పెట్రోలు జిడ్డును శాశ్వతంగా వదిలిస్తుంది. ఈ తర్కంలో దోషం చూపగల తార్కికుడు నాకింకా తారసపడలేదు. పెట్రోలులో కొద్దిపాటి బెంజీన్ ఉంటుందనీ, అది రక్తక్యాన్సర్ కలిగించే పదార్థమని రుజువైందనీ, ఒట్టి చేతులతో కడిగితే చర్మం గుండా కూడా లోపలికి పోతుందనీ గొణిగేవారున్నారు. ఇల్లే అంటుకునే అవకాశం ఉన్నచోట ఇంత దీర్ఘకాలిక ఆలోచన చేయడం అతిజాగ్రత్త అనిపించుకుంటుంది.

ఇక్కడ చరిత్రను ఒక్కసారి తలచుకోవాలి. నీళ్లు తగలకుండా బట్టలుతికే డ్రైక్లీనింగు వృత్తివారు ఒకప్పుడు పెట్రోలు జాతి ద్రవాలతోనే ఉతికేవారు. బట్టలతోపాటు దుకాణాలు కూడా అప్పుడప్పుడు పరిశుభ్రమయ్యేవి. ఆ బాధ పడలేక 1924లో అమెరికాలో స్టొడార్డ్ అనే డ్రైక్లీనరు ఒక పరిశోధకునితో కలిసి, సుమారు 38 డిగ్రీల లోపు వేడిలో అంత సులభంగా అంటుకోని పెట్రోలియం ద్రావణిని ఖాయపరచాడు. నేడు వైట్ స్పిరిట్ అనో, మినరల్ టర్పెంటైన్ అనో రంగులు పలచన చేయడానికి అమ్ముతున్నది ఆ కుటుంబానికి చెందినదే. అంటే కోటుకు అంటిన మరక విషయంలో మానవజాతి నూరేళ్ల కిందటే నేర్చుకున్న పాఠాన్ని, చైనుకు అంటిన మడ్డి విషయంలో మనం ఇంకా పరిశీలిస్తున్నాం. తొందరపడి నేర్చుకోవడం మన స్వభావం కాదు.

అసలు గ్రీజును కరిగించడంలో రహస్యమేమీ లేదు. ముల్లును ముల్లుతోనే తీయాలన్న మాట రసాయన శాస్త్రానికి కూడా సమ్మతమే: నూనె జాతిని నూనె జాతి కరిగిస్తుంది. గ్రీజు అంటే నూనెను పట్టి ఉంచిన ఒకరకం సబ్బు. కిరోసిన్, వైట్ స్పిరిట్, డీజిలు అన్నీ ఆ నూనెకు బంధువులే. పెట్రోలు క్షణంలో చేసే పనిని కిరోసిన్ అరగంట నానబెడితే చేస్తుంది. మిగిలిన తేడా అంతా ఆవిరిలో ఉంది. గమనించండి: త్వరగా ఆరే ద్రావణి మీకు మిగలని ద్రావణి. కంటి పరీక్షలో నెగ్గిన ప్రతి సీసాలోనూ మీరు పెట్టిన డబ్బే గాలిలోకి లేస్తున్నది, దారిలో కొంత మీ ఊపిరితిత్తుల్లో బస చేస్తున్నది. కిరోసిన్‌కు ఆ తొందర లేదు. వాడిన కిరోసిన్‌ను మూతబిగిసే డబ్బాలో పోసి కొన్నాళ్లు కదపకుండా ఉంచితే మడ్డీ ఇనుపపొడీ అడుక్కు దిగుతాయి. పైన తేరినదాన్ని నెమ్మదిగా వంపుకుంటే మళ్లీ మొదటి కడుగుకు పనికొస్తుంది. చివరి కడుగుకు మాత్రం కొత్తది కొంచెం చాలు. ఇలా ఒకే లీటరుతో ఎన్నిసార్లు కడగవచ్చునో లెక్కవేసిన పొదుపరికి, లీటరు ధరలో తేడా ఎంత చిల్లర విషయమో తెలుస్తుంది. కానీ మన పొదుపు సీసా మీది ధర దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వేచి ఉండే పొదుపు మనకు రుచించదు, ఎందుకంటే అందులో ప్రదర్శన లేదు.

కిరోసిన్ సాధువని కూడా అనను. దానికి అంటుకునే ఉష్ణోగ్రత 38 డిగ్రీలకు కాస్త పైనే గనుక, బాగా కరుగుతుందన్న ఆశతో దాన్ని వేడిచేసే మేధావికీ, స్ప్రే సీసాలో పోసి తుంపరగా చల్లే కళాకారునికీ ఆ రక్షణ వర్తించదు. గంటలకొద్దీ చేతులు ముంచితే చర్మంలోని సహజమైన జిడ్డును కూడా గ్రీజుగా భావించి తీసివేస్తుంది. తరువాత చర్మం ఎండి పగులుతుంది. నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు చేతితొడుగులు ఇందుకే ఉన్నాయి. శస్త్రవైద్యులు వాడే పలుచటి సహజ రబ్బరు (లేటెక్స్) తొడుగులు ఈ పెట్రోలియం ద్రవాలలో ఉబ్బి చిరుగుతాయి, కాబట్టి వాటిని వేసుకున్నవాడికి వైద్యునిలా కనిపించే లాభం ఒక్కటే మిగులుతుంది.

ఇక థిన్నరు, గోళ్లరంగు తుడిచే ఎసిటోన్ భక్తుల సంగతి. ఎసిటోన్ ముక్కు పరీక్షలోనూ కంటి పరీక్షలోనూ పెట్రోలుకు గట్టి పోటీ ఇస్తుంది, కానీ గ్రీజును చూస్తే దానికి అంత ఉత్సాహం ఉండదు. ఉత్సాహమంతా రంగు మీదా, ప్లాస్టిక్కు మీదా. ఒకనాడు నేను ఒక చిన్న మోటారు తొడుగుకు పట్టిన జిడ్డును ఎసిటోన్‌తో తుడిచాను. తొడుగు మొదట మెత్తబడింది, తరువాత నా వేలిముద్రను శాశ్వతంగా స్వీకరించింది. జిడ్డు మాత్రం చెక్కు చెదరలేదు. శానిటైజర్లలో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలు అంత దుర్మార్గం చేయదు. దట్టమైన గ్రీజును అది పెద్దగా కరిగించదు గాని, అన్నీ అయిపోయాక మిగిలే పలుచటి జిడ్డు పొరను, ముఖ్యంగా బ్రేకు డిస్కు వంటిచోట, చక్కగా తుడుస్తుంది. చివరి తుడుపుకు వాడవలసినదాన్ని మొదటి కడుగుకు వాడి, పనిచేయలేదని నిందించడం గొడ్డలికి ముల్లు తీయడం రాదని తిట్టినట్టుంటుంది.

నాగరికులు మాత్రం ఈ మోటు పనులన్నీ మాని స్ప్రే డబ్బా కొంటారు. బ్రేక్ క్లీనర్ అనే ఈ అద్భుతం ఒక్క నొక్కుతో మడ్డిని నేలమీదికి కడిగేసి, చూస్తుండగానే మాయమవుతుంది. అది కంటి పరీక్షకు పరాకాష్ఠ, జేబుకు కూడా. డబ్బాలో ఏముందో వెనుక చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది, అది చదవడానికి కొనుగోలుదారుకు తీరిక ఉండదు. 1999, 2000 ప్రాంతంలో కాలిఫోర్నియాలో వాహనాలు బాగుచేసే కొందరు పనివారికి కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కి బలహీనపడితే, వారు రోజూ వాడిన ఇలాంటి క్లీనర్లలోని హెక్సేన్ అనే ద్రావణి నరాలను దెబ్బతీసిందని తేలింది. క్లోరిన్ చేరిన రకాలు అంత సులభంగా అంటుకోవు కనుక క్షేమమని ఆనందించే లోపే ఇంకొక విశేషం ఉంది: వాటిలో ఒకటైన టెట్రాక్లోరోఎథిలీన్ తడి ఆరని ఇనుము మీద వెల్డింగు చేస్తే ఫాస్జీన్ వాయువు పుట్టవచ్చు. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుల బారిన పడి చనిపోయినవారిలో అత్యధికులను బలితీసుకున్నది ఇదే. సేనాపతులు కర్మాగారాలు పెట్టి తయారు చేయించినదాన్ని ఇంటి వెనుక షెడ్డులో ఒక్కడే ఉత్పత్తి చేయగలగడం స్వావలంబనకు నిదర్శనం కాదనలేము.

నా స్వంత స్వావలంబన కాస్టిక్ సోడాతో జరిగింది. అది చవక, నీళ్లలో కరుగుతుంది, అంటుకోదు, పైగా జిడ్డును సబ్బుగా మారుస్తుందని ఎక్కడో విన్నాను. మారుస్తుంది, కానీ జీవుల కొవ్వునూ మొక్కల నూనెనూ. యంత్రాల్లో ఉండే ఖనిజతైలం దానికి లొంగదు. ఈ సూక్ష్మం తెలియక ఒక అల్యూమినియం మూతను వేడినీళ్ల సోడాలో వేసి, బుడగలు రావడం చూసి జిడ్డు పోతున్నదని పరమానందం చెందాను. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు, పోతున్నది మూత. బయటికి తీసేసరికి దానికి బూడిదరంగు వైరాగ్యం పట్టింది, మరలు పట్టే గాడులు వదులైపోయాయి. అల్యూమినియాన్ని, జింకునూ కాస్టిక్ సోడా తినేస్తుందని పాఠశాలలో చదివినది నాకు సరిగ్గా అప్పుడే జ్ఞాపకం వచ్చింది.

ఇంత చెప్పినా అసలు కథానాయకుని పేరెత్తకపోవడం అన్యాయం. ఆయన అతి సామాన్యుడు, వాసన లేనివాడు, కనుకనే ఎవరూ లెక్కచేయనివాడు: ఒక చెక్కపుల్ల, లేదా పనికిరాని ప్లాస్టిక్కు ముక్క. జిడ్డులో అధికభాగాన్ని ఏ ద్రావణీ తాకకముందే గీకి, పాత గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి పారవేయవచ్చు. గోటితో పోయేదానికి మనం గొడ్డలిని వెదుకుతున్నాము. గీకాక మిగిలినదానిలో చాలాభాగం పాత్రలు తోమే ద్రవమూ వేడినీళ్లూ ఒక గట్టి బ్రష్షూ చూసుకుంటాయి. ఆ ద్రవంలోని అణువు ఒక కొసతో నూనెను, మరొక కొసతో నీటిని పట్టుకుని రెండింటికీ రాజీ కుదురుస్తుంది. అయితే ఇనుప భాగాన్ని నీళ్లతో కడిగి అలాగే వదిలేస్తే గంటల్లో తుప్పు పొర వస్తుంది కనుక, వెంటనే పూర్తిగా ఆరబెట్టి పలుచగా నూనె రాయాలి. ఈ ఉపాయాన్ని మా మిత్రబృందంలో ఒకసారి ప్రతిపాదిస్తే, అంట్లు తోమే వస్తువుతో గేరుబాక్సు కడగడం తమ హోదాకు తగదని ముక్తకంఠంతో తిరస్కరించారు. చేతికంటిన గ్రీజును మాత్రం అందరూ దానితోనే కడుక్కుని వెళ్లారు.

కొన్ని భాగాలకు ఏ కడుగూ వద్దు. రెండు వైపులా సీలు ఉన్న బేరింగును కిరోసిన్‌లో నానబెట్టితే, బయటి మురికి లోపలికీ లోపలి గ్రీజు బయటికీ పోయి, చూడడానికి అద్దంలా మెరుస్తూ నాలుగు రోజుల్లో అరుస్తుంది. లంకెల మధ్య ఓ-రింగులనే చిన్న రబ్బరు వలయాలున్న మోటారు సైకిలు చైనును పెట్రోలులో ముంచితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. దాన్ని కిరోసిన్‌తో మెత్తటి బ్రష్షు పెట్టి తుడవడమే చాలామంది తయారీదారులు ఒప్పుకునే పద్ధతి. బేరింగును కడిగాక గాలి గొట్టంతో గిర్రున తిప్పే సరదా ఒకటుంది. నూనె లేని ఆ గుండ్లు అంత వేగానికి తట్టుకోలేవు. ఒక్కొక్కసారి బేరింగే ముక్కలై ఎగిరిపడుతుంది. ఆ శబ్దం మాత్రం వినడానికి చాలా బాగుంటుందని ఒప్పుకుంటాను.

మిగిలింది మడ్డి. దాన్ని మురుగుకాలువలోకి ఒంపడం లోకసమ్మతమైన ఆచారం, ఎందుకంటే కాలువ మనది కాదు. వాడిన ఇంజనాయిలు తీసుకునేచోట ఈ మడ్డిని కూడా తీసుకుంటారేమో అడిగి ఇచ్చిరావచ్చుననీ, ద్రావణిలో తడిసిన గుడ్డలను కుప్పగా మూలన వేయకుండా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలనీ అంటే వినేవారు తక్కువ. కానీ ఒక్క విషయంలో నేను వ్యంగ్యమాడదలచుకోలేదు. కిరోసిన్‌ను గాని థిన్నరును గాని మంచినీళ్ల సీసాలోనో శీతలపానీయం సీసాలోనో పోసి పెట్టకండి. పిల్లలు తాగేస్తారు. తాగితే వాంతి చేయించకూడదు; అది కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారి ఎక్కువ హాని చేస్తుంది. నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మా ఇంట్లో ఇప్పుడు కిరోసిన్ ఒక రేకు డబ్బాలో, పై అరలో, పిల్లలకందని ఎత్తున ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో 'తేరుతున్నది, కదపరాదు' అని రాసిపెట్టాను. మొన్న మిత్రుడొకాయన ఆ డబ్బాను చూసి, తన చైను అర్జెంటుగా కడగాలి, కొంచెం ఇస్తారా అని అడిగాడు. ఇంకా నాలుగు రోజులు ఆగితే తేరుతుందన్నాను. అంత ఓపిక తనకు లేదని, బండి ట్యాంకులోకి గొట్టం వేసుకోవడానికి వెళ్లిపోయాడు.