ఆ బరువు మెసేజ్ నాకు ఇంకోసారి పంపకండి

ఈ నెలలో అదే మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. పదో తరగతి స్నేహితుల గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకసారి, మిగతావి విడిగా. పంపినవాళ్ళలో మా పిన్ని కూడా ఉంది. "కారణం లేకుండా సన్నబడుతున్నారా? టెస్టులకు డబ్బులు తగలేయకండి, ఈ 8 విషయాలు తెలుసుకుంటే చాలు" అని మొదలవుతుంది. "డాక్టర్ దగ్గరికి వెళ్తే లేని రోగం అంటగడతారు" అని ముగుస్తుంది. ప్రేమతోనే పంపుతున్నారని తెలుసు. కానీ పోయినేడాది మా ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళు కూడా పంపుతుంటే ఊరుకోలేకపోతున్నాను.

మొదటి పాయింట్: "బరువు తగ్గితే భయపడకండి, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి." ఏ విషం? దాని పేరేంటి? మూడు కిలోల విషం ఒంట్లో పెట్టుకుని మనిషి బతుకుతాడా? అలా తగ్గిపోయేది కండ, కొవ్వు. ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలలు, ఏడాదిలోపు ఒంటి బరువులో నూటికి ఐదు వంతులు తగ్గితే కారణం వెతకాలని డాక్టర్లు చెప్తారు. అరవై కిలోల మనిషికి అది మూడు కిలోలు. ఇంట్లో బరువు చూసే మిషన్ లేకపోయినా తెలిసిపోతుంది. మా నాన్న బెల్టుకి మేకుతో కొత్త కన్నం పెట్టుకున్నారు. చేతి గడియారం మోచేతి దాకా జారేది. మేం చూశాం, చూసి నవ్వుకున్నాం కూడా.

నాలుగు, ఐదు పాయింట్లు: రాగి చెంబులో నీళ్ళు, ఎడమవైపు తిరిగి పడుకోవడం. వీటి గురించి మాట్లాడటం కూడా దండగ.

రెండో పాయింట్ మాత్రం మా ఇంటిని ముంచింది. "షుగర్ ఉన్నవాళ్ళు సన్నబడితే సంతోషించండి, షుగర్ కంట్రోల్‌లోకి వచ్చిందని అర్థం." మా నాన్నకి పన్నెండేళ్ళుగా షుగర్. ఉగాదికి 64 కిలోలున్న మనిషి దసరాకి 55కి వచ్చారు. వచ్చిన చుట్టాలందరూ "బాగా తగ్గావు, మంచిది" అని మెచ్చుకున్నవాళ్ళే. నిజానికి షుగర్ అదుపు తప్పినప్పుడే మనిషి ఎండిపోతాడు. తిన్నది ఒంటికి పట్టకుండా మూత్రంలో పోతుంది, ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. కొందరికి షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల ఆకలి మందగించి, నోరు చేదుగా ఉండి కూడా బరువు తగ్గుతుంది. తిండి తగ్గించుకుని, నడిచి, తెలిసి తగ్గితే అది వేరే సంగతి. ఎందుకో తెలియకుండా తగ్గుతుంటే మెచ్చుకోవడం ఆపి రక్తపరీక్ష చేయించండి.

మూడో పాయింట్ "అంతా టెన్షన్ వల్లే." ఇందులో కొంత నిజం ఉంది. దిగులు ఆకలిని చంపేస్తుంది. జీవిత భాగస్వామి పోయినవాళ్ళు ఎలా చిక్కిపోతారో అందరం చూశాం. కానీ గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చెమటలు పట్టడం... ఇవన్నీ థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వస్తాయి. అలాంటి ఆడమనిషిని "నీకు టెన్షన్ ఎక్కువమ్మా" అని నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత అన్యాయం! ఒక్క రక్తపరీక్షతో తేలే విషయం అది. పెద్దవాళ్ళ విషయంలో నోరు కూడా చూడాలి. కట్టుడు పళ్ళు వదులై, నమలలేక, ఆ మాట చెప్పలేక "ఆకలి లేదు" అనేస్తారు.

ఇక ఏడో పాయింట్. మెసేజ్ రాసినవాళ్ళ అసలు ఉద్దేశం ఇదేనని నా అనుమానం, ఎందుకంటే కింద ఫోన్ నంబర్ ఉంది. "మా మూలికల పొడి వాడితే నెలలో 8 కిలోలు, గ్యారంటీ." నెలలో ఎనిమిది కిలోలు పెంచే మూలిక ఏదీ లేదు. అంత వేగంగా మొహం నిండుతోందంటే ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాల్సిందే. లావెక్కించే పొడులు, మాత్రల పేరుతో అమ్మేవాటిలో డెక్సామెథసోన్, సైప్రోహెప్టడిన్ లాంటి మందులు కలుపుతున్నారని చాలా దేశాల్లో ల్యాబ్ పరీక్షల్లో బయటపడింది. సైప్రోహెప్టడిన్ అలర్జీ మందు. ఆకలి పుట్టిస్తుంది, మనిషిని మత్తుగా పడేస్తుంది. డెక్సామెథసోన్ స్టెరాయిడ్, అంతకన్నా ప్రమాదం. ఆకలి వేస్తుంది, మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, ఒంటికి నీరు పడుతుంది. ఇంట్లోవాళ్ళు "తేరుకున్నాడు" అనుకుంటారు. లోపల మాత్రం కాళ్ళూ చేతుల్లో కండ కరుగుతూ ఉంటుంది, షుగర్ పైకి పోతుంది, రోగాన్ని ఎదుర్కొనే శక్తి పడిపోతుంది.

ఇది చదివి చెప్తున్న మాట కాదు. మా నాన్నకి ఊళ్ళో ఒకాయన కాగితంలో చుట్టి మాత్రలు ఇచ్చాడు, పేరు లేదు, స్ట్రిప్ లేదు. మూడు వారాలు నాన్న బాగా తిన్నారు. రెండోసారి అన్నం పెట్టించుకుంటుంటే అమ్మ ఆనందంతో కళ్ళు తుడుచుకుంది. నాలుగో వారం మాత్రలు అయిపోయాయి. ఆ తర్వాత మంచం మీంచి లేవలేకపోయారు. ఆస్పత్రికి తీసుకెళ్తే షుగర్ 380, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ, కళ్ళె పరీక్షలో టీబీ. పెద్దగా దగ్గే లేదు! దగ్గు, జ్వరం, రాత్రి చెమటలతో పాటు బరువు తగ్గడం కూడా టీబీ లక్షణాల్లో ఒకటని, నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా పరీక్ష చేయించాలని మాకు అప్పుడు తెలిసింది. టీబీని వదిలేసి స్టెరాయిడ్ మింగించడమంటే మంటకి గాలి విసరడమే. ఆ మాత్రల వల్ల మాకు నెలన్నర పోయింది. ఆ నెలన్నరా నాన్న పక్కనే మా అబ్బాయి పడుకున్నాడు. వాడికి కూడా పరీక్షలు చేయించి, ఏమీ లేదని తెలిసేదాకా మేం పడ్డ టెన్షన్ మీకు అర్థమవుతుందా? అర్థమైతే ఆ ఫోన్ నంబర్ ఇంకొకరికి ఎలా పంపుతారు?

ఇప్పటికే అలాంటి పొడి ఎవరైనా వాడుతుంటే ఒక్క మాట. భయపడి ఉన్నపళంగా ఆపేయకండి. చాలా రోజులుగా స్టెరాయిడ్ వాడి హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లం పట్టుకుని వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

"లేని రోగం అంటగడతారు" అన్న మాట గురించి. టెస్టుల పేరుతో డబ్బు గుంజేవాళ్ళు లేరని నేను అనను, ఉన్నారు. కానీ టీబీ పరీక్ష, ఆరు నెలల మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. టీబీ రోగుల తిండికోసం ని-క్షయ్ పోషణ్ యోజన అనే ప్రభుత్వ పథకం కింద నెలకి 500 ఇచ్చేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. అన్ని పరీక్షలూ చేసినా బరువు తగ్గడానికి కారణం దొరకనివాళ్ళు కూడా ఉంటారు, దాదాపు నలుగురిలో ఒకరు. అలాంటప్పుడు వదిలేయకుండా కొన్ని నెలలకోసారి బరువు చూస్తూ మళ్ళీ వెతకాలి.

ఆరో పాయింట్: "పాలు, బెల్లం, నువ్వులు 21 రోజులు." రోగాన్ని ఇది నయం చేయదు. షుగర్ ఉన్నవాళ్ళకి బెల్లం చెప్పడం తప్పు. కానీ తిండి విలువని నేను తక్కువ చేయను. జార్ఖండ్‌లో టీబీ ఇళ్ళకి పప్పు, బియ్యం లాంటి దినుసులు అందిస్తే కుటుంబంలో కొత్తగా టీబీ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో చావులు కూడా బాగా తక్కువ. మందు మానేసి తినమని కాదు, మందుతో పాటు తినాలి.

ఆకలి లేని మనిషికి కంచం నిండా అన్నం పెడితే చూసే భయపడతాడు. మేం రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టాం. పొద్దున కాస్త ఆకలి ఉండేది కాబట్టి గుడ్లు, పెసరట్టు అప్పుడే. పప్పులో నెయ్యి, ఇడ్లీలోకి పల్లీ చట్నీ కాస్త గట్టిగా, పెరుగులో మీగడ తీయకుండా, మధ్యలో గుప్పెడు వేరుశెనగ పప్పులు. భోజనానికి ముందు గ్లాసుడు నీళ్ళు మాన్పించాం. కండ కూడా రావాలని డాబా మీద మెల్లగా నడిపించాం. అయినా మొదటి నెలలో పెరిగింది అరకిలోనే.

ఎనిమిదో పాయింట్ దగ్గర మాత్రం నేను తలవంచుతాను. "పెద్దవాళ్ళని ఒంటరిగా తిననివ్వకండి" అని ఉంది. ఆ మెసేజ్‌లో ఇంత మంచి మాట ఉంటుందని నేను అనుకోలేదు. మేం ఆఫీసులకి వెళ్ళిపోతే, అమ్మ గుడికెళ్తే, నాన్న మధ్యాహ్నం నిలబడే రెండు ముద్దలు తిని కంచం కడిగేసేవారట. ఇప్పుడు ఆ టైముకి మేడ మీద అద్దెకుండే మాస్టారు తన క్యారేజీ పట్టుకుని కిందికి వస్తున్నారు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ గంటసేపు తింటారు. నిన్న చూస్తే నాన్న 59 కిలోలు. ఇంకా ఐదు రావాలి.