బూస్టర్ బాబులకు ఒక దండం

"సిగ్నల్ పెంచే 4 చిట్కాలు" అనే మెసేజ్ కావలి నుంచి కనిగిరి దాకా ఉన్న గ్రూపులన్నీ చుట్టేసి మళ్లీ మొదటికొచ్చింది. ఫార్వర్డ్ చేసే వేలికి కాస్త విశ్రాంతి ఇవ్వండి సామీ.

*#*#4636#*#* కొట్టి 'మొబైల్ రేడియో పవర్' ఆన్ చేస్తే సిగ్నల్ రెట్టింపట. అది వట్టి స్విచ్చి. ఆపితే ఫోన్ మూగబోతుంది, వేస్తే ఎప్పటిలాగే ఉంటుంది.

ఫోన్లన్నీ ఫుల్ పవర్‌లో పంపితే అందరికీ మంచిదట. మరి 3జీ టవరు సెకనుకు 1500 సార్లు "పెంచు, తగ్గించు" అని ఫోనుకి ఎందుకు చెబుతుంది, పొద్దుపోకనా? ఫోషిని, మిల్యానిచ్ అనే ఇద్దరు పరిశోధకులు 1993లోనే లెక్క తేల్చారు. సిగ్నల్‌కీ గోలకీ (పక్కఫోన్ల సిగ్నళ్లూ, ఇతర అడ్డూ కలిపి) నిష్పత్తి 10 కావాల్సిన చోట 5 అందితే నీ పవర్ రెట్టింపు చెయ్యి, 20 అందితే సగం చెయ్యి. పక్కఫోన్ల సంగతి నీకక్కర్లేదు. ఇట్టా ఎవరి లెక్క వాళ్లు చూసుకుంటే అందరూ సరిపడా కనీస పవర్ దగ్గర కుదురుకుంటారు. అడిగింది అసలు సాధ్యం కాకపోతే మాత్రం పోటీపడి పెంచుకుంటూ పోయి కొందరు గరిష్ఠానికి చేరి ఆగుతారు, వాళ్లకి సరిగ్గా అందదు.

రాత్రిళ్లు టవర్లు పవర్ తగ్గిస్తాయన్నది? ఒప్పుకుంటా, నిజమే. రద్దీ లేని వేళ కొన్ని బ్యాండ్లు ఆపి కరెంటు మిగుల్చుకునే ఏర్పాటుంది.

ఇక అసలు ముప్పు: "ఆన్‌లైన్‌లో బూస్టర్ కొని మిద్దెమీద పెట్టండి." లైసెన్సు లేకుండా పెట్టడం నేరం, అదట్టా ఉంచండి. బూస్టరంటే ఒక యాంటెనాతో సిగ్నల్ పట్టి, పెంచి, ఇంకో యాంటెనాతో వదిలే పెట్టె. 70 డెసిబెల్స్, అంటే కోటి రెట్లు, పెంచే పెట్టెకి బయటి యాంటెనాకీ లోపలి యాంటెనాకీ మధ్య 85 డెసిబెల్స్ దాకా అడ్డు ఉండాలి, లేకపోతే వదిలిందే మళ్లీ పట్టుకుంటుంది. ఒక స్లాబు, అయిదడుగుల దూరం దానికి ఏ మూలకి? మైకుని స్పీకరు ముందు పెట్టినట్టు కుయ్యోమంటుంది, అదీ టవరు చెవిలో. ఫోనైతే టవరు తగ్గించమంటే తగ్గిస్తుంది. ఈ పెట్టె ఎవరి మాటా వినదు. టవరు దగ్గర గోల 3 డెసిబెల్స్ పెరిగితే, అంటే రెట్టింపయితే, ప్రతి ఫోనూ పవర్ రెట్టింపు చెయ్యాలి. ఊరి చివర ఇప్పటికే 200 మిల్లీవాట్లు, అంటే 4జీ ఫోన్ గరిష్ఠం, వాడుతున్నవాడు ఎక్కడికి పెంచుతాడు? అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద ఏరియేటర్లకి (నీళ్లలో గాలి కలిపే యంత్రాలకి) పెట్టిన, సిమ్‌తో నడిచే మొబైల్ స్టార్టర్లదీ అదే గతి. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ మోటారు ఆగిందన్న మెసేజ్ రాకపోతే రొయ్యలు తేలతాయి. మీ హాల్లో మాత్రం నాలుగు గీతలు, బ్రహ్మాండం!

ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే ఫోన్లో వైఫై కాలింగ్ (టవరు బదులు వైఫై మీదుగా కాల్ పోయే ఏర్పాటు) ఆన్ చేసుకోండి. బూస్టర్ ఇప్పటికే పెట్టుంటే ఒక పూట ప్లగ్గు పీకి, వీధి చివరి వాళ్లకి కాల్ కలుస్తుందేమో అడగండి.